రివాల్వరా, పిస్తోలా, మల్లయ్య ఎడమ చెయ్యా

తుపాకుల మరమ్మతు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది ఒక్కటే. "రివాల్వర్ నమ్మకమా, పిస్తోలు నమ్మకమా?" ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగేవాళ్ళ తప్పు కాదు, నేనూ ఒకప్పుడు దీన్ని పెద్ద ప్రశ్న అనుకున్నాను. దానికి జవాబు కూడా తెలుసనుకున్నాను. నా జవాబు వల్ల ఒక మనిషి ఇరవై రెండు రోజులు జైల్లో కూర్చున్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఎన్నేళ్ళు పని చేశాను, ఎవరు నన్ను మెచ్చుకున్నారు అన్న సంగతులు కావాలంటే మా ఆవిడను అడగండి, ఆమె చక్కగా చెబుతుంది.

తెలివైనవాళ్ళ చర్చ

పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది నేను ఆబిడ్స్‌లో ఒక తుపాకుల షాపులో పనికి కుదిరాను. ముందు అద్దాల బీరువాలు, వెనక మరమ్మతు గది. ఎదురుగా ఇరానీ హోటల్. సాయంత్రం నాలుగు దాటితే చాలు, రిటైరైన కెప్టెన్లు, వకీళ్ళు, జాగీర్దార్ల మేనల్లుళ్ళు అక్కడ చేరేవాళ్ళు. ఒకే చాయ్‌ని ముగ్గురు పంచుకుని తాగుతూ గంటలకొద్దీ వాదించేవాళ్ళు. పిస్తోలుకు వేగమెక్కువ అని ఒకాయన. రివాల్వర్ మొండిదే గానీ మోసం చెయ్యదని ఇంకొకాయన. ఇద్దరి ఆయుధాలూ నా బల్ల మీదికి వచ్చేవి. వేగమున్న పిస్తోలు గొట్టంలో సాలీడు గూడు, మోసం చెయ్యని రివాల్వర్‌లో తూటాలు పెట్టే చక్రం మీద వేలి మందాన తుప్పు. వీళ్ళా నమ్మకం గురించి మాట్లాడేది?

వాళ్ళలో ఒక పెద్దమనిషి ఆయుధాలు అప్పజెప్పమని సర్కారు అడిగిన రోజుల్లో తన రివాల్వర్‌ను వడ్ల గుమ్మిలో దాచుకున్నాడు. తర్వాత లైసెన్సు తెచ్చుకుని బయటికి తీస్తే చక్రం తిరగలేదు. ఎవరో చేతబడి చేశారని తాయెత్తు కట్టించాడట, రివాల్వర్‌కి! ఖాళీ తూటాలను బయటికి తోసే పళ్ళెం కింద ఒక వరి పొట్టు ఇరుక్కుంది, అంతే. సూదితో తీసి ఇచ్చాను. తాయెత్తు గుణం ఇప్పటికి కనిపించిందని సంతోషంగా వెళ్ళిపోయాడు.

రివాల్వర్‌కు చావు లేదనేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి. అది తక్కువ మొరాయిస్తుంది, నిజమే. తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, చక్రం తిరిగి ఇంకో తూటా ఎదురొస్తుంది. కానీ ఒకసారి బిగుసుకుందంటే ఇక మరమ్మతు బల్ల మీదికి రావలసిందే. పిస్తోలు అలా కాదు. దుమ్ముకీ జిడ్డుకీ పాత తూటాలకీ అలుగుతుంది. అలిగితే పైన ఉండే స్లైడును వెనక్కి లాగి వదలాలి, ఇరుక్కున్నది ఎగిరిపోయి మళ్ళీ పని మొదలుపెడుతుంది. స్లైడు లాగడానికి రెండో చెయ్యి కావాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతా కథ మీకు తేలిగ్గా అర్థమవుతుంది. నాకు ఆ రోజుల్లో అర్థం కాలేదు.

ఉస్తాద్ సలాం

నాకు పని నేర్పినవాడు ఖాదర్ సాబ్. మేమంతా ఉస్తాద్ అనేవాళ్ళం. కౌంటరు దగ్గరికి ఎవరు వచ్చినా ఆయన లేచి వెళ్ళి ముసాఫహా చేసేవాడు, అంటే తన రెండు చేతులతో వాళ్ళ రెండు చేతులూ పట్టుకుని పలకరించడం. నవాబు వచ్చినా అంతే, నౌకరు వచ్చినా అంతే. కాసేపు వదిలేవాడు కాదు. ఇంటి దగ్గర అందరూ క్షేమమేనా, వానలు పడ్డాయా అని అడుగుతూ నొక్కుతూనే ఉండేవాడు. ఆబిడ్స్‌లో ఇంత మర్యాద, తహజీబు ఉన్న షాపు ఇంకొకటి లేదని జనం మురిసిపోయేవాళ్ళు.

నేను వెనక గదిలో నవ్వుకునేవాణ్ణి. ఒకరోజు ఆయనకు అనుమానం వచ్చి అడిగాడు.

"ఏంది మియా, నవ్వుతున్నవ్?"

"తుపాకి బాగు చేయమని వస్తే పెళ్ళివారిని పలకరించినట్టు పలకరిస్తున్నరు గదా ఉస్తాద్."

"అరే, తుపాకి యాడికీ పోదు. ముందుగాల చెయ్యి చూడాలె. గిప్పుడొచ్చినాయనకు కుడి చూపుడువేలు వణుకుతది, మెత్తటి ట్రిగ్గర్ ఇస్తే తన కాలు తనే కాల్చుకుంటడు. అడిగితే చెప్తడా? ఇజ్జత్ పోదూ?"

నేను తల ఊపాను. లోపల మాత్రం నమ్మలేదు. ముసలాయనకు చాదస్తం అనుకున్నాను. లోహం గురించి నేర్పవలసినదంతా నేర్పి, చూపు మందగించాక ఆయన చాదర్‌ఘాట్‌లో కూతురి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన బల్ల నాకు వచ్చింది. సలాం మాత్రం షాపులోంచి వెళ్ళిపోయింది. నాకు అంత తీరిక ఎక్కడిది!

ఎనిమిది ఎక్కువా, ఆరు ఎక్కువా

జాగీర్లు పోయాక ఆ ఇళ్ళలోంచి పిస్తోళ్ళు వరసగా అమ్మకానికి వచ్చాయి. మా సేటు సంబరంగా వాటిని కొని బీరువా నింపాడు. ఆయనకు తుపాకుల గురించి తెలిసింది ఎనిమిది వరకు లెక్కపెట్టడం.

"రివాల్వర్‌ల ఆరు గుండ్లు, పిస్తోలుల ఎనిమిది. ఎనిమిది ఎక్కువనా, ఆరు ఎక్కువనా?" అనేవాడు. ఈ ప్రశ్నను తట్టుకుని నిలబడ్డ గిరాకీని నేను చూడలేదు. చదువుకున్నవాళ్ళు కూడా గంభీరంగా ఆలోచించి ఎనిమిదే ఎక్కువని ఒప్పుకునేవాళ్ళు.

నేను ఆయన కన్నా తెలివైనవాణ్ణని నా నమ్మకం. ప్రతి పిస్తోలునూ విప్పి, కడిగి, బల్లకు బిగించి, వరసగా తూటాలు పేల్చి చూసేవాణ్ణి. ఒక్కటీ ఆగకపోతే మంచిదని చీటీ కట్టేవాణ్ణి. బల్లకు బిగించిన పిస్తోలు ఎందుకు ఆగుతుంది? బల్లకు భయం లేదు, చెమట పట్టదు, వేళ్ళు జారవు. ఆ పరీక్షను చూసి నాకు నేనే భుజం తట్టుకునేవాణ్ణి. సిగ్గుచేటు.

ఒక్క వేలు చాలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడటానికి ముందు ఏడాది, ఎండాకాలం. నాంపల్లి స్టేషన్ వెనక పప్పుల గోదాము నడిపే నర్సింగరావు షాపుకు వచ్చాడు. వెంట ఆయన కాపలాదారు మల్లయ్య. మెదక్ వైపు మనిషి, నలభై దాటిన వయసు. నడుముకు పాత రివాల్వర్, ఎడమ చేతి మీద తువ్వాలు. పన్నెండేళ్ళుగా అదే గోదాము, అదే రివాల్వర్.

నర్సింగరావుకు ఆ రివాల్వర్ చిన్నతనంగా అనిపించింది. పక్క గోదాము కాపలాదారు దగ్గర పిస్తోలు ఉందట! సేటు తన ఎనిమిదీ ఆరూ లెక్క చెప్పాడు. నేను బీరువాలోంచి మెరిసే పిస్తోలు తీసి, స్లైడు లాగి, దర్జాగా చూపించాను.

అప్పటిదాకా మాట్లాడని మల్లయ్య నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"సారూ, గిది ఒక్క చేత్తోని నడుస్తదా?"

నేను నవ్వాను. "ఒక్క చెయ్యేంది, ట్రిగ్గర్‌కి ఒక్క వేలు చాలు" అన్నాను.

సేటు నవ్వాడు, నర్సింగరావు నవ్వాడు. మల్లయ్య కూడా మర్యాదకు నవ్వి తువ్వాలు సర్దుకున్నాడు. పాత రివాల్వర్ మా బీరువాలోకి వచ్చింది, పిస్తోలు అతని నడుముకు వెళ్ళింది. అతను ఆ ప్రశ్న ఎందుకు అడిగాడని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

దసరా బొట్టు

ఆ ఏడు దసరాకు గోదాములో ఆయుధ పూజ ఎప్పటిలాగే జరిగింది. తరాజులు, బండి చక్రాలు, తాళాలు, అన్నిటికీ పసుపూ కుంకుమా. ఆ పని నర్సింగరావు తల్లిది. పాత రివాల్వర్‌కు పిడి మీద ఒకటి, గొట్టం మీద ఒకటి బొట్టు పెట్టి వదిలేసేది. ఈసారి కొత్త పిస్తోలు, తళతళలాడుతోంది. ముసలమ్మ మురిసిపోయి, గంధంలో కుంకుమ, నూనె కలిపి, సందు కనిపించిన ప్రతిచోటా పెట్టింది. స్లైడు పక్కన, ఖాళీ తూటా బయటికొచ్చే కిటికీలో, ఎక్కడా లోటు చెయ్యలేదు.

మల్లయ్య తుడుస్తానన్నాడు. పూజ బొట్టు తుడిస్తే అరిష్టం, దానంతటదే రాలిపోవాలని ఆ ఇంటి పట్టింపు. ఆమె గట్టిగా కసిరింది. నర్సింగరావు అడ్డు చెప్పలేదు. పప్పుల గోదాము దుమ్ము ఆ జిడ్డు మీద పడి, నెల తిరిగేసరికి గట్టిపడింది.

ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, ముగ్గురు మనుషులు గోదాములో దూరి కందిపప్పు బస్తాలు బండికి ఎత్తబోయారు. నర్సింగరావు తమ్ముడు గోపాల్‌రావు అడ్డం వెళ్ళాడు. మల్లయ్య పరుగెత్తుకొచ్చి, బెదిరించడానికి ఒక గుండు ఆకాశంలోకి కాల్చాడు. వాళ్ళు ఆగలేదు. ఒకడు ఇనుప కడ్డీ ఎత్తాడు. మల్లయ్య వాడి కాలికి గురిపెట్టి నొక్కాడు. పేలలేదు. మళ్ళీ నొక్కాడు. పేలలేదు. గోపాల్‌రావు భుజం ఎముక విరిగింది. బస్తాలు వదిలి దొంగలు పారిపోయారు.

"ఆకాశానికి ఒక గుండు కాల్చి మా తమ్ముని మీదికి వచ్చినోన్ని వదిలిపెట్టిండు. దొంగలతోని కలిసిండు" అని నర్సింగరావు పోలీసులకు చెప్పాడు. పన్నెండేళ్ళ నౌకరీ ఆ ఒక్క మాటతో పోయింది. మల్లయ్యను లాకప్పులో వేశారు.

నేను రాసిన ముక్క

ఇన్‌స్పెక్టర్ పిస్తోలును, స్లైడు లాగించి తూటాలన్నీ తీసేయించి, పరీక్షకు మా షాపుకే పంపాడు. అమ్మినవాడి దగ్గరికే! ఆ తెలివికి ఆయనకు దండ వెయ్యాలి. సేటు నా పక్కన నిలబడి చెవిలో అన్నాడు. "రాజలింగం, మన దుకాణం పేరు సంగతి. మంచిగ చూసి రాయి."

అబద్ధం రాయమని ఆయన అనలేదు. నేనూ రాయలేదు. అంతకన్నా పెద్ద తెలివితక్కువ పని చేశాను. జిడ్డుగా ఉంది కదా అని, అలవాటు కొద్దీ, పిస్తోలును కిరోసిన్‌లో కడిగి గుడ్డతో శుభ్రంగా తుడిచాను. ఆ తర్వాత బల్లకు బిగించి మ్యాగజైనులోని ఎనిమిది గుండ్లూ పేల్చాను. ఒక్కసారి కూడా ఆగలేదు. "పిస్తోలులో ఏ లోపమూ లేదు" అని రాసి సంతకం పెట్టాను. గుడ్డకు అంటిన ఎరుపును చూశాను. తుప్పు అనుకుని పారేశాను.

కొత్తగా వచ్చేవాళ్ళు ఇక్కడ ఆగి ఇంకోసారి చదవండి. మొరాయించిన తుపాకిని ముందు కడిగేవాడు మరమ్మతుదారు కాదు, చాకలి. చాకలి కూడా మరక చూశాకే ఉతుకుతాడు.

ఆ కాగితం చూసి ఇన్‌స్పెక్టర్ మల్లయ్యను జైలుకు పంపాడు. పిస్తోలులో లోపం లేకపోతే లోపం మనిషిలోనే ఉండాలి కదా!

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మల్లయ్య భార్య లచ్చమ్మ షాపుకు వచ్చింది. నాంపల్లి నుంచి నడిచొచ్చింది, కాళ్ళ నిండా దుమ్ము. లోపలికి రమ్మంటే రాలేదు. గడప దగ్గరే నిలబడింది.

"పిస్తోలు మంచిగున్నదని రాసింది నువ్వేనా?"

"ఔనమ్మా. అది మంచిగనే ఉన్నది. నేను కాల్చి చూసిన."

"ఎన్ని చేతులతోని చూసినవ్?"

నాకు అర్థం కాలేదు. ఆమెకు కోపం ఆగలేదు.

"మా ఆయన ఎడమ చెయ్యి చిన్నప్పుడే చెరుకు గానుగల పడ్డది. రెండు వేళ్ళు లేవు, ఉన్న వేళ్ళు ముడుచుకోవు. నీళ్ళ చెంబు గూడ గా చేత్తోని పట్టలేడు. రోజూ పొద్దుగాల గోపాల్‌రావు సాబే గా పైది గుంజి, గుండెక్కించి ఇస్తుండె. ఒక్క చేత్తోని నడుస్తదా అని నిన్ను అడిగిండంట. నువ్వు నవ్వినవంట. గా బొట్టు తుడుస్తనంటె ముసలమ్మ తిట్టింది. గిప్పుడు దొంగలతోని కలిసిండని అంటున్రు. నా మొగడు దొంగనా? చెప్పు, నీ నోటితోని చెప్పు!"

ఆమె వెళ్ళిపోయాక వెనక గదిలో చెత్త గుడ్డల బుట్టను బోర్లించాను. అదృష్టం, మాలో ఎవరికీ చెత్త పారేసే అలవాటు లేదు. ఆ గుడ్డ అడుగున ఉంది. ఎరుపు, మధ్యలో పసుపు, గంధం వాసన. తుప్పు ఎక్కడైనా గంధం వాసన వేస్తుందా? ముక్కు ఉండి కూడా వాసన చూడలేదు.

ఆ గుడ్డ పట్టుకుని చాదర్‌ఘాట్‌లో ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని, కనిపించని కళ్ళు నా వైపు తిప్పాడు.

"చెయ్యి చూసినవా?"

"లేదు ఉస్తాద్."

"మరి గన్నేండ్లు నా దగ్గర ఏం నేర్చినవ్? పో. ఠాణాకు పో. నాకు చెప్తే ఏమొస్తది?"

ఇన్‌స్పెక్టర్ గారి ఎడమ చెయ్యి

ఠాణాకు వెళ్తానంటే సేటు మండిపడ్డాడు. "నీ చేతి రాత నువ్వే కొట్టేసుకుంటవా? మన దగ్గర ఎవడు కొంటడు రేపటి నుంచి?" అని అరిచాడు. నాకూ భయమే. కానీ లచ్చమ్మ అడిగిన "ఎన్ని చేతులతో" అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

ఇన్‌స్పెక్టర్ నన్ను చూసి విసుక్కున్నాడు. "పరీక్ష అయిపోయింది కదయ్యా. లోపం లేదని నువ్వే రాశావు. మళ్ళీ ఏం తెచ్చావు?"

గుడ్డ చూపించాను. ఆయన వాసన చూసి, పూజ సామాను అన్నాడు. పోలీసుకైనా ముక్కు పనిచేసింది. తర్వాత గంధం, కుంకుమ, నూనె కలిపి, కందిపప్పు దుమ్ము చల్లి, పిస్తోలుకు ముసలమ్మ పెట్టినట్టే పెట్టించి, మూడు రోజులు ఎండబెట్టమని బతిమాలాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు గానీ, గోపాల్‌రావు కూడా వచ్చి, పొద్దున్నే స్లైడు లాగి ఇచ్చేది తనేనని చెప్పేసరికి ఒప్పుకున్నాడు. మంచం మీంచి లేచి, కట్టు కట్టిన భుజంతో వచ్చాడాయన. ఆ ఇంట్లో మనిషి అనదగ్గవాడు ఆయనొక్కడే.

నాలుగో రోజు ఠాణా వెనక మట్టి గోడ ముందు నిలబడ్డాం. నేను గుండు ఎక్కించి ఇన్‌స్పెక్టర్ చేతికి ఇచ్చాను. ఆయన కాల్చాడు. మొదటి గుండు పేలింది. ఖాళీ తూటా కిటికీలో అడ్డంగా ఇరుక్కుని స్లైడు సగంలో ఆగిపోయింది. ఆయన ట్రిగ్గర్ నొక్కాడు. ఏమీ లేదు.

"ఇంతేగా, లాగితే పోతుంది" అంటూ ఎడమ చెయ్యి ఎత్తాడు.

"ఆ చెయ్యి వద్దు సార్" అన్నాను. "ఆ చెయ్యి మీ బెల్టులో పెట్టుకోండి. మీ మీదికి ఒకడు కడ్డీ ఎత్తుకుని వస్తున్నాడు. ఇప్పుడు కాల్చండి."

ఆయన బెల్టులో చెయ్యి దోపుకున్నాడు. పిస్తోలును తొడకు రాశాడు. మోకాళ్ళ మధ్య ఇరికించాడు. గోడకేసి గీకాడు. చుట్టూ కానిస్టేబుళ్ళు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. చివరికి పిస్తోలు నా చేతిలో పెట్టి, "కాగితం తిరగరాసి ఇవ్వు" అన్నాడు.

రాశాను. పిస్తోలు మంచిదే, ఈ మనిషికి పనికిరాదు, పనికిరాదని అమ్మినవాడు చూడలేదు, పరీక్ష చేసినవాడు గుర్తులు తుడిచేశాడు. ఆ ఇద్దరిలో రెండోవాణ్ణి నేను, మొదటివాడిలో సగం కూడా నేనే. ఇరవై రెండో రోజు మల్లయ్య బయటికి వచ్చాడు. ఆ ముగ్గురు దొంగలూ తర్వాత దొరికారు. మల్లయ్య పేరు కూడా వాళ్ళకు తెలియదు.

సేటు నాతో మూడు నెలలు మాట్లాడలేదు. అది శిక్ష అనుకున్నాడు పాపం! అంత ప్రశాంతంగా నేను ఎప్పుడూ పని చేయలేదు.

బల్ల మీద చెయ్యి

విడుదలైన వారానికి మల్లయ్య షాపుకు వచ్చాడు. గోపాల్‌రావు అతని నౌకరీ తిరిగి ఇప్పించి, పాత రివాల్వర్ తెచ్చుకొమ్మని పంపాడు. నేను దాన్ని బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ చూసి, పరీక్షించి, నూనె వేసి పెట్టానని చెప్పాను. క్షమించమని అడగాలనుకున్నాను. రివాల్వర్ గురించే ఏదో చెబుతూ పోయాను. చక్రం బాగా తిరుగుతోంది, ట్రిగ్గర్ మెత్తగా ఉంది, భయం లేదు.

అతను అంతా విన్నాడు. తర్వాత ఎడమ చేతి మీది తువ్వాలు తీశాడు. ఆ చెయ్యిని తెచ్చి బల్ల మీద, రివాల్వర్ పక్కన పెట్టాడు. రెండు వేళ్ళ మొదళ్ళు, మూడు వంకర వేళ్ళు.

"సారూ, గిది గూడ జర పరీక్ష చేసి రాయున్రి. లోపం ఉన్నదా, లేదా?"

వెటకారం లేదు గొంతులో. నిజంగానే అడిగినట్టు అడిగాడు. అదే నాకు ఎక్కువ తగిలింది. నేను బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఉస్తాద్ పట్టుకున్నట్టు అతని రెండు చేతులూ నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. కుడి చెయ్యి నా వేళ్ళు నొప్పి పుట్టేలా నొక్కింది. ఎడమ చెయ్యి కదలలేదు. ఆ ఎండాకాలం కౌంటరు దగ్గర పట్టుకోవలసిన చెయ్యి అది.